మూడు ఫ్యూజుల వెబ్‌సైటు

"నేటి నుంచి మన జిల్లాలో కరువు ఆన్‌లైన్ అవుతుంది!"

బయ్యన్న ఈ మాట ప్రకటించగానే అనంతపురంలో ఆ కల్యాణ మండపం చప్పట్లతో దద్దరిల్లింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో సగం మందికి ఆన్‌లైన్ అంటే ఏమిటో తెలియదు. మిగిలిన సగం మందికి కరువు అంటే ఏమిటో తెలియదు. ఈ రెండు రకాల వాళ్ళనూ ఒకే ఫ్యాన్ల కింద కూర్చోబెట్టి, ఒకే ఉప్మా పెట్టిన ఘనత బయ్యన్నది.

బయ్యన్న సామాన్యుడు కాడు. పామిడిలో రైతు సంక్షేమ సంఘానికి అధ్యక్షుడు. ఆపైన 'అనంత కరువు ప్రాంత స్వచ్ఛంద సంఘాల మహా సమాఖ్య'కు కన్వీనరు. మహా సమాఖ్యలో సభ్య సంఘాలు మొత్తం నాలుగు. నాలుగింటికి 'మహా' ఎందుకని ఒక విలేఖరి అడిగితే, "రేప్పొద్దున పెరిగితే బోర్డు మళ్ళా రాయించల్లనా?" అన్నాడు. ఆయన ముందుచూపు అలాంటిది.

ఆ నాలుగింటిలో నాలుగోది ఉరవకొండ దగ్గర చిన్నవంకపల్లె మన్నుపనివాళ్ళ సంఘం. దాని కార్యదర్శి హనుమంతరాయుడు ఆ రోజు చివరి వరుసలో కూర్చుని, చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీ లేక, చొక్కా జేబులోని కాగితాన్ని పట్టుకుని ఉన్నాడు. అది అర్జీ. తమ ఊరి కుంటలో పూడిక తీసే పని మంజూరు చేయమనీ, ముప్పై రెండు కుటుంబాలు పని లేక ఊరు విడిచిపోయేలా ఉన్నాయనీ దాని సారాంశం.

వరసగా మూడో ఏడు వానలు మొహం చాటేశాయి. వేరుశనగ విత్తనం భూమిలోకి వెళ్ళింది గానీ భూమి నుంచి జవాబు రాలేదు. చిన్నవంకపల్లెలో మన్ను పనికి మేస్త్రీ లాంటి మారెక్క ముందు రోజే హనుమంతరాయుడి గుమ్మం ముందు నిలబడి తేల్చి అడిగింది.

"అన్నా, కుంట పని వస్తాదా రాదా, ఒక మాట చెప్పు. వస్తాదంటే ఉంటాం. రాదంటే ఈ ఆదివారమే బెంగుళూరు పోతాం. ఆడ బిల్డింగుల కాడ ముందు పోయినోళ్ళకే పని."

"వస్తాది మారెక్కా. మే ఆఖరుకు వస్తాది. నా మాట మీద ఉండండి."

ముప్పై రెండు కుటుంబాలూ ఆయన మాట మీద ఉండిపోయాయి. మాట ఇవ్వడం సులువే. దాని మీద పిల్లాజెల్లా సహా నూట యాభై మంది కూర్చున్నాకే బరువు తెలుస్తుంది.

ఆయన అర్జీ తీసి వేదిక దగ్గరికి వెళ్ళాడు. వేదిక మీద, ఆ ఏడు కరువు పనుల కోసమే కొత్తగా పెట్టిన ఆన్‌లైన్ ప్రత్యేక విభాగం అధికారి ఉన్నారు. ఆయన కాగితం వంక జాలిగా చూశారు.

"కాగితమా? కాగితం కావాలంటే చెట్లు కొట్టాలి. ఈ జిల్లాలో చెట్లెక్కడున్నాయయ్యా? ఇకమీదట కాగితాలు తీసుకోం. మీ సమాఖ్య వెబ్‌సైటులో పెట్టండి. నేను నా సీట్లో కూర్చునే చూసి మంజూరు చేస్తాను. మే ముప్పై ఒకటి ఆఖరు తేదీ."

అప్పుడు ఏప్రిల్ నెల సగమైంది. నెలన్నర సమయం ఉంది కదా అని హనుమంతరాయుడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ వెబ్‌సైటును బెంగుళూరులో ఒక ఇంజనీరు పుణ్యానికి చేసిచ్చాడు. ఒక పాస్‌వర్డు కాగితం మీద రాసి కవర్లో పెట్టి పంపి, "నలుగురూ పంచుకుని చూసుకోండి" అని కింద ఒక ముక్క రాశాడు. సమాఖ్య చరిత్రలో అంత ప్రమాదకరమైన వాక్యం ఎవరూ రాయలేదు.

నలుగురూ అనంతపురం టవర్ క్లాక్ దగ్గర పుష్పావతి నడిపే నెట్ సెంటరులో సమావేశమయ్యారు. బయ్యన్న, హనుమంతరాయుడు కాక మిగిలిన ఇద్దరిలో ఒకరు సోమందేపల్లె మహిళా చైతన్య సంఘం అధ్యక్షురాలు హేమావతి. రెండోవాడు యువజన సంఘం అధ్యక్షుడు ఓబుళేసు. ఆయన వయసు నలభై ఆరు. యువత సమస్యలు పరిష్కారమయ్యేదాకా యువకుడిగానే ఉండిపోతానని శపథం చేసినవాడు.

బయ్యన్న మానిటరును ముందూ వెనకా చూసి, "ఎంత లోతుండాదమ్మా ఇది?" అన్నాడు.

"ఐదు ఎంబీలన్నా" అంది పుష్పావతి.

"మట్లలో చెప్పు."

బావి లోతును నిలువెత్తు మనిషితో కొలిస్తే ఒక మట్టు. ఎంబీని మనిషితో కొలవడం పుష్పావతి చదివిన కోర్సులో లేదు. ఏదో ఒకటి చెప్పకపోతే వదలరని, "ఐదు మట్లే అనుకోండన్నా" అంది.

"అందరూ వచ్చి చూస్తే ఎండిపోదు కదా?"

"ఎండదన్నా."

"మా బోరు వేసినోడూ ఇట్లనే చెప్పినాడు" అని బయ్యన్న నిట్టూర్చాడు. అంతలో ఆయనకు ఉపాయం తట్టింది. మొహం వెలిగిపోయింది. "ఏమప్పా, అన్నదమ్ములకు ఉమ్మడి బాయి ఉంటే ఏం చేస్తాం? వంతులు పెట్టుకుంటాం. ఎవురి వంతు వాళ్ళది. వంతు వచ్చినోడు స్టార్టరు డబ్బాలో మూడు ఫ్యూజులు పెట్టి మోటరు ఆడించుకుంటాడు. వంతు అయిపోతానే ఫ్యూజులు పీకి పక్కోని చేతిలో పెడతాడు. ఇదీ అంతే. ఆ పాస్‌వర్డే ఫ్యూజులు. మనిషికి పది దినాలు."

ఆ క్షణం దాకా కంప్యూటరంటే బెదిరిపోతూ కూర్చున్న ముగ్గురికీ విషయం ఒక్కసారిగా అర్థమైంది. ఇంతకాలం దీన్ని ఎందుకు అంత కష్టమంటున్నారో అని ఆశ్చర్యపోయారు కూడా. తీర్మానం ఏకగ్రీవంగా పాసైంది. మొదటి వంతు బయ్యన్నకు, రెండోది ఆడవాళ్ళకు గౌరవంగా హేమావతికి, మూడోది యువతకు ప్రోత్సాహంగా ఓబుళేసుకు. నాలుగోది మిగిలింది కనుక హనుమంతరాయుడికి.

ఆయన వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. మే పదిహేనుకల్లా తన వంతు వస్తుంది. ఆఖరు తేదీకి పదహారు రోజులు ముందే. ఫరవాలేదనుకున్నాడు.

ఏప్రిల్ పదిహేనున బయ్యన్న వంతు మొదలైంది. ఆయన పుష్పావతిని బయటి చెరుకురసం బండి దగ్గరికి పంపి, ఒంటివేలితో పాస్‌వర్డు మార్చుకున్నాడు. పెద్దమనిషి ఫ్యూజులు పెట్టేటప్పుడు పక్కవాళ్ళు చూడకూడదు. తర్వాత సైటును తీర్చిదిద్దించాడు. మొదటి పేజీలో బయ్యన్న నిలబడిన ఫోటో. రెండో పేజీలో కూర్చున్న ఫోటో. మూడో పేజీలో ఎండిపోయిన వేరుశనగ చేను, దాని ముందు, చేను కనబడకుండా నిలబడిన బయ్యన్న.

హనుమంతరాయుడు వెళ్ళి చేతులు కట్టుకుని అడిగాడు.

"అన్నా, ఆ మూడో పేజీ కింద రొంత జాగా ఉండాది. మా ఊరి అర్జీ రెండు ముక్కలు పెట్టిస్తే..."

బయ్యన్నకు కోపం రాలేదు. కోపం తెచ్చుకునే మనిషి కాడు. బాధపడ్డాడు.

"హనుమంతరాయా, నువ్వు సేద్యం చేసినోడివే కదా. ఒకరి వంతులో ఇంకొకరి మడికి నీళ్ళు పారించేది యాడన్నా ఉండాదా? ఈ దినం నీకు ఒక మడవ తిప్పితే రేపు అందరూ అడుగుతారు. పద్ధతి చెడిపోతాదప్పా."

పది రోజులూ అయ్యాక బయ్యన్న దిగుతాడని హేమావతి నెట్ సెంటరుకు వచ్చింది. ఆయన దిగలేదు. ఉమ్మడి బావి దగ్గర ఇంకో న్యాయం ఉంది. వంతులో కరెంటు పోతే, పోయినన్ని గంటలూ తర్వాత కలిపి ఇవ్వాలి. ఎండాకాలం రోజుకు ఏడెనిమిది గంటలు కోత. బయ్యన్న గంటలన్నీ ఒక డైరీలో రాసిపెట్టుకున్నాడు. మూడు రోజులు రావాలని తేలింది.

పుష్పావతి ఉండబట్టలేక నోరు విప్పింది. "అన్నా, ఈడ కరెంటు పోయినా సైటు నడుస్తానే ఉంటాది. అదుండే మిషను యాడనో వేరే దేశంలో ఉండాది. ఆడ కరెంటు పోదు."

"ఆడ పోకుంటే మనకేం వచ్చెనమ్మా? నేను యాడుండాను? ఈడ. కరెంటు యాడ పోయింది? ఈడ."

దీనికి హేమావతి కూడా తలూపింది. తన వంతులో కూడా కరెంటు పోతుందని ఆమెకు తెలుసు.

బయ్యన్న దిగేటప్పుడు తన ఫోటోలన్నీ ఫ్లాపీలోకి ఎక్కించుకుని, సైటులో ఒక్క అక్షరం మిగలకుండా ఊడ్చుకుపోయాడు. తన వంతు నీళ్ళు పక్కవాడి చేనుకు వదిలిపోయే రైతు ఎవరుంటారు? ఆ విధంగా మహా సమాఖ్య వెబ్‌సైటులో ఒక సంప్రదాయం మొదలైంది. ఏ రోజైనా అందులో ఒకరే ఉంటారు.

హేమావతి వస్తూనే మానిటరుకు కొబ్బరికాయ కొట్టి, కీబోర్డుకు పసుపు కుంకుమలు పెట్టించింది. పసుపు లోపలికి దిగి ఆ పది రోజులూ ఎంటర్ బటన్ పలకలేదు. జొన్నరొట్టెల పోటీలో ఆమె బహుమతులు ఇస్తున్న ఫోటోలు పదకొండు పెట్టించింది. రొట్టెలు చేసినవాళ్ళ ఫోటోలకు ఐదు మట్ల లోతు చాలలేదు. ఆమెకు కరెంటు కోత కింద మూడు రోజులు, అమావాస్య కింద ఒక రోజు కలిశాయి. అమావాస్య నాడు ఆ వైపు కాడి కట్టరు. కాడి కట్టనిది కంప్యూటరెందుకు కడతారు?

హనుమంతరాయుడు ఆమెనూ అడిగాడు. "మీ ఊర్లో ఆడోళ్ళు జొన్నరొట్టెలు చేస్తారా?" అని ఆమె ఆసక్తిగా అడిగింది. "జొన్నలుంటే చేస్తారక్కా" అన్నాడు. ఆమె ఆ సంభాషణను అంతటితో ముగించింది.

తర్వాత ఓబుళేసు వంతు. ఆ పది రోజుల్లో ఆయన పుట్టినరోజు రెండుసార్లు వచ్చింది. ఒకటి స్కూలు సర్టిఫికెట్ ప్రకారం, ఒకటి వాళ్ళమ్మ చెప్పిన ప్రకారం. రెండింటికీ శుభాకాంక్షలు సైటులో ధగధగలాడాయి. ఆయనా కోత గంటలు కలుపుకున్నాడు. మే పదిహేను ఎప్పుడో దాటిపోయింది. హనుమంతరాయుడు రోజూ పొద్దున ఉరవకొండలో బస్సెక్కి వచ్చి నెట్ సెంటరు మెట్ల మీద కూర్చుంటున్నాడు. సాయంత్రం ఊరికి పోతే మారెక్క అడిగే మాట ఒకటే.

"ఇంగ ఎన్ని దినాలన్నా?"

"వంతు వస్తాండాది మారెక్కా."

"దేనికి వంతన్నా? నీళ్ళకా?"

"కాదు, అర్జీకి."

"అర్జీలు ఎండిపోతాయాన్నా, వంతు పెట్టుకునేకి?" అంది మారెక్క. హనుమంతరాయుడికి సిగ్గేసింది. ఆ మాట తనకు నెల కిందట తట్టలేదు.

మే ఇరవై ఐదున గొడవ మొదలైంది. హేమావతి వంతులో ఒక రోజు మధ్యాహ్నం ఓబుళేసు పాస్‌వర్డు ఎలాగో పసిగట్టి, దొంగతనంగా సైటు తెరిచి, రెండు గంటల సేపు తన బొమ్మ పెట్టుకున్నాడని ఆమె కనిపెట్టింది. "దొంగ నీళ్ళు పారించినాడు!" అని ఆమె నెట్ సెంటరు ముందు నడిబజారులో కేక వేసింది. ఓబుళేసు ఒప్పుకోలేదు. తాను తెరిచిన మాట నిజమేననీ, తెరిచినప్పుడు కరెంటు లేదు కనుక అది ఎవరి వంతూ కాదనీ వాదించాడు. కరెంటు లేకుండా కంప్యూటరు ఎలా తెరిచావని ఎవరూ అడగలేదు. న్యాయం ఎటువైపున్నా అప్పటికే అది అంత దూరం వెళ్ళిపోయింది.

మర్నాడు పంచాయితీ జరిగింది. బయ్యన్న ఇద్దరి మాటలూ విని, కళ్ళు మూసుకుని, పెద్దల తీర్పు చెప్పాడు.

"తగువు పడితే బాయి కాడ ఏం చేస్తాం? మూడు ఫ్యూజులూ ముగ్గురి చేతికిస్తాం. ముగ్గురూ వస్తేనే మోటరు ఆడేది. పాస్‌వర్డు కొత్తగా పన్నెండు అక్షరాలు పెడతాం. నాకు నాలుగు, హేమావతమ్మకు నాలుగు, ఓబుళేసుకు నాలుగు."

"నాకన్నా?" అన్నాడు హనుమంతరాయుడు.

"ఫ్యూజులు మూడే కదప్పా. నాలుగోది ఉంటే నీకు కాకుండా ఎవురికిస్తాం?"

"ఇప్పుడు వంతు నాది కదన్నా!"

"నీదే. ఎవురు కాదన్నారు? ఈ పొద్దు నుంచి పది దినాలు నీదే. దర్జాగా ఆడించుకో."

హనుమంతరాయుడు పుష్పావతి చేత బెంగుళూరు ఇంజనీరుకు ఫోన్ చేయించాడు. ఇంజనీరు మంచివాడు. కొత్త పాస్‌వర్డు ఒక్క నిమిషంలో ఇస్తాననీ, సైటు ఓనరు ఎవరో చెబితే చాలుననీ అన్నాడు. పుష్పావతి ఆ ప్రశ్న ముగ్గురినీ విడివిడిగా అడిగింది. ముగ్గురూ "నేనే" అన్నారు. ఇంజనీరు ఫోన్ పెట్టేశాడు.

వంతు వచ్చిన మొదటి మూడు రోజులూ హనుమంతరాయుడు బస్సుల్లోనే గడిపాడు. బయ్యన్న పామిడిలో ఒక పెళ్ళిలో ఉన్నాడు. ఓబుళేసు వచ్చిన చోటికి తాను రానని హేమావతి అంది. హేమావతి ముందు వస్తేనే తాను వస్తానని ఓబుళేసు అన్నాడు. చివరికి హనుమంతరాయుడు ముగ్గురి కాళ్ళూ పట్టుకున్నాడు. బయ్యన్న కుర్చీలో సర్దుకుని, పట్టుకోవడానికి వీలుగా రెండు కాళ్ళూ ముందుకు చాపాడు. అంత పెద్ద మనిషికి అంత సహకారం.

"ముప్పై ఒకటిన వస్తాంలే" అన్నాడు.

"ఆ దినం అమావాస్యన్నా."

"అయ్యో! అట్లయితే ముందు దినమే రావల్ల" అని బయ్యన్న వెంటనే ఒప్పుకున్నాడు. అమావాస్యకు ఆ సమాఖ్యలో ఉన్న పలుకుబడి హనుమంతరాయుడికి లేదు.

మే ముప్పైన మూడు జీపులు నెట్ సెంటరు ముందు ఆగాయి. ముందు బయ్యన్న లోపలికి వెళ్ళి తన నాలుగు అక్షరాలు కొట్టాడు. ఆ సేపు మిగిలిన ఇద్దరూ గోడ వైపు తిరిగి నిలబడ్డారు. తర్వాత హేమావతి కొడుతుంటే బయ్యన్న, ఓబుళేసు గోడ వైపు తిరిగారు. ఓబుళేసు వంతుకు హేమావతి పైట ముఖానికి అడ్డం పెట్టుకుంది, అతని అక్షరాలు కూడా చూడనని. పుష్పావతి చెరుకురసం బండి దగ్గర నిలబడి ఇదంతా గాజు తలుపులోంచి చూస్తోంది.

సైటు తెరుచుకుంది. ఖాళీగా, కడిగిన పళ్ళెంలా ఉంది. ముగ్గురు పెద్దలూ ఫ్యూజులు పెట్టిన పుణ్యం కట్టుకుని మూడు జీపుల్లో మూడు దిక్కులకు వెళ్ళిపోయారు.

పుష్పావతి కూర్చుని పైన ఇంగ్లీషులో ఊరి పేరు కొట్టింది. దాని కింద ఒక బొమ్మ పెట్టింది. పసుపు పలక మీద నల్లటి మనిషి, నడుం వంచి పారతో మట్టి తవ్వుతున్నాడు. కదిలే బొమ్మ. పార దిగుతుంది, లేస్తుంది, మళ్ళీ దిగుతుంది.

"ఇదేందమ్మా?"

"సైటు ఇంకా తయారు కాలేదు, రొంత ఆగండి అని గుర్తన్నా. ఇట్లాంటి సైట్లలో అందరూ ఇదే బొమ్మ పెడతారు. ముందు ఇది పెట్టి, మీ అర్జీ ఎక్కించినాక దీన్ని తీసేస్తాం."

"బాగా తవ్వుతాండాడు" అన్నాడు హనుమంతరాయుడు. నెలన్నరలో మొదటిసారి ఆయనకు నవ్వొచ్చింది. జేబులోంచి అర్జీ తీశాడు. చెమటకు తడిసి, ఆరి, మళ్ళీ తడిసి అది బట్టలా మెత్తబడింది. మడతలు విప్పి, "శ్రీయుత అధికారి గారికి..." అని చదవడం మొదలుపెట్టాడు. పుష్పావతి కొడుతోంది.

'పూడిక' అన్న మాట దగ్గర కరెంటు పోయింది.

మూడు గంటల తర్వాత వచ్చింది. కంప్యూటరు మళ్ళీ పాస్‌వర్డు అడిగింది. పన్నెండు అక్షరాలు.

"అన్నా" అంది పుష్పావతి, తెరవైపు చూస్తూ, "బొమ్మ ఎక్కిందన్నా. అర్జీ ఎక్కలేదు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోజుల తరబడి మెట్ల మీద కూర్చున్న మనిషిని ఆమె చూస్తూనే ఉంది.

హనుమంతరాయుడు పామిడికి ఫోన్ చేశాడు. "కరెంటు పోయిందా? ఎన్ని గంటలు?" అని బయ్యన్న శ్రద్ధగా అడిగాడు. "మూడు గంటలూ రాసి పెట్టుకో. నీ వంతులో కలిపిస్తాం. అన్యాయం జరగనీను."

మర్నాడు అమావాస్య. ఆ మర్నాడు ఆదివారం.

జూన్ రెండో తేదీ పొద్దున హనుమంతరాయుడు ఆ మెత్తబడిన కాగితం పట్టుకుని ప్రత్యేక విభాగం అధికారి ముందు నిలబడ్డాడు. ఆలస్యమైనా, కాగితమైనా, కాళ్ళు పట్టుకునైనా ఇచ్చి రావాలని ఆయన పట్టుదల. కాళ్ళు పట్టుకోవడం ఈ మధ్య అలవాటైంది.

"ఏ ఊరు?" అన్నారు అధికారి.

"చిన్నవంకపల్లె సార్."

ఆ పేరు వినగానే అధికారి లేచి నిలబడ్డారు. హనుమంతరాయుడి చెయ్యి పట్టుకుని ఊపారు. "చిన్నవంకపల్లె! మీరేనా? రండి, రండి, కూర్చోండి!" అని గుమాస్తాలందరినీ పిలిచారు. మానిటరును వాళ్ళ వైపు తిప్పారు. "చూడండయ్యా. జిల్లాలో ఎన్ని ఊళ్ళు అర్జీలు పెట్టుకుని ఏడుస్తున్నాయి! ఈ ఊరు అర్జీ పెట్టలేదు. మంజూరు అడగలేదు. నేరుగా పని మొదలుపెట్టింది. శనివారం పొద్దున చూశాను, తవ్వుతున్నాడు. సాయంత్రం చూశాను, తవ్వుతున్నాడు. ఆదివారం కూడా ఆపలేదు!"

తెర మీద నల్లటి మనిషి పార దించాడు, లేపాడు, మళ్ళీ దించాడు. గుమాస్తాలు గౌరవంగా చూశారు.

"సార్" అన్నాడు హనుమంతరాయుడు, "అది బొమ్మ సార్."

"బొమ్మే. సైటులో ఉండేవన్నీ బొమ్మలే కదా? ఏప్రిల్లో బయ్యన్న గారి బొమ్మ చూశాను. అంతమాత్రాన బయ్యన్న గారు లేరంటామా?"

"మా ఊర్లో ఎవురూ తవ్వడంలేదు సార్. పని కావల్లనే వచ్చినాను."

అధికారి ముఖం కొంచెం గంభీరమైంది. "అది తప్పు. పని జరుగుతున్న ఊరికి మళ్ళీ పని ఎలా ఇస్తాను? ఒకే కుంటకు రెండుసార్లు మంజూరు చేస్తే నన్ను ఎవరూ ఊరుకోరు. అది పూర్తి చేయండి. తర్వాత చూద్దాం."

"ఆయన ఎప్పుడు పూర్తి చేస్తాడు సార్?"

అధికారి తెర వైపు చూశారు. లోతుగా ఆలోచించారు. "ఒక్కడే కదా. టైం పడుతుంది. తొందరపెట్టకండి పాపం" అన్నారు.

నాలుగో తేదీన కల్యాణ మండపంలో మళ్ళీ సభ జరిగింది. చిన్నవంకపల్లెకు 'ఆదర్శ గ్రామం' ప్రశంసాపత్రం ఇచ్చారు. పత్రం మధ్యలో ఆ పార పట్టిన మనిషి బొమ్మ అచ్చువేశారు. శాలువా మాత్రం బయ్యన్నకు కప్పారు. వంతుల పద్ధతి వల్లే ఇంతటి విజయం సాధ్యమైందనీ, రాష్ట్రంలో ఏ సమాఖ్య వెబ్‌సైటుకైనా మూడు ఫ్యూజులు ఉండాల్సిందేననీ ఆయన ఉపన్యసించాడు. హేమావతి, ఓబుళేసు పక్కపక్కన కూర్చుని చప్పట్లు కొట్టారు. చివర్లో బయ్యన్న హనుమంతరాయుడి భుజం తట్టి, "అమావాస్యది కలిపి నీ వంతు ఇంకా రెండు దినాలుండాది. మూడు గంటలు అదనం" అని చెవిలో చెప్పాడు.

హనుమంతరాయుడు ఊరి దగ్గర బస్సు దిగేసరికి రోడ్డు పక్కన తుమ్మచెట్టు సన్నటి నీడలో ముప్పై రెండు కుటుంబాలూ కూర్చుని ఉన్నాయి. మూటలు, గిన్నెలు, ప్లాస్టిక్ బిందెలు, ముసలమ్మల నడుమ పిల్లలు. ఇళ్ళకు తాళాలు వేసి వచ్చేశారు. సాయంత్రం బెంగుళూరు బస్సు. ముందు పోయినవాళ్ళకే పని అన్న కాలం దాటిపోయి నెలన్నర అయింది. వెనక పోయినవాళ్ళకు ఏం దొరుకుతుందో తెలియకుండానే పోతున్నారు.

ఆయనకు మొహం ఎత్తబుద్ధి కాలేదు. చేతిలోని ప్రశంసాపత్రాన్ని మారెక్కకు ఇచ్చాడు. మారెక్కకు చదువు రాదు. బొమ్మ మీద వేలు పెట్టి, దగ్గరికి తెచ్చుకుని, చాలాసేపు చూసింది. ముప్పై ఏళ్ళు మట్టి మోసిన మనిషి చూసే చూపు అది.

"మన కుంట పనేనా అన్నా ఇది?"

"అంటాండారు."

"ఇతను ఎవురు? మన ఊరోడు మాదిరి లేడే."

దూరంగా రోడ్డు మీద దుమ్ము లేచింది. బస్సు వస్తోంది. జనం మూటలు ఎత్తుకుంటున్నారు. మారెక్క లేవలేదు. ఆమె ముఖంలో చిన్న ఆశ ఒకటి కదిలింది.

"అన్నా, ఇతనొక్కడే తవ్వుతాండాడు కదా. తవ్వేటోడు ఒకడుంటే మన్నెత్తేకి ఇద్దరన్నా కావల్ల. లేకుంటే తవ్విన మన్ను మళ్ళా గుంతలోకే పడతాది" అంది. "మమ్మల్ని పెట్టుకుంటాడేమో రొంత అడిగి చూడన్నా. బస్సును నేను ఆపుతా."